ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? బయోస్ తెరిచి చూశాకే డబ్బివ్వండి

బెంగళూరులో ఉంటూ సెకండ్‌హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్ కొని విండోస్ బదులు లినక్స్ వేసుకుందామనుకునే మనవాళ్ల కోసం ఇది. బయోస్ అంటే మెషిన్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం, మూల సెట్టింగులన్నీ అందులోనే ఉంటాయి. షాపు పేరు రాయను. నాకు 8,500 రూపాయలు పోయాయి, మీకు పోకూడదు.

రెండు నెలల కిందట 27,500కి తీసుకున్నా. ఇంటెల్ 10వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, కీబోర్డు కొత్తదానిలా ఉంది. ఏదో కంపెనీ వాడి వదిలేసిన సరుకు. కౌంటర్ దగ్గర కుర్రాడు తెలుగులో మాట్లాడేసరికి మనోడే కదా అని మెత్తబడ్డాను. అలాగని గుడ్డిగా కొనలేదు, పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) తీసుకెళ్లి బూట్ చేసే చూశా. వైఫై వచ్చింది, సౌండ్ వచ్చింది, టచ్‌ప్యాడ్ పనిచేసింది. మూత మూసి పది నిమిషాలు ఆగి చూడాలని మాత్రం తట్టలేదు.

ఆ శుక్రవారం రాత్రి కర్నూలు బస్సెక్కాను. మూత మూసి, బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయా. అనంతపురం దాటాక తొడ చురచురమని మెలకువ వచ్చింది. బ్యాగులో చెయ్యి పెడితే అప్పుడే దించిన పెనంలా ఉంది, లోపల ఫ్యాను గుయ్యిమంటోంది. ఇల్లు చేరేసరికి బ్యాటరీ సున్నా.

తర్వాత తవ్వితే సంగతి తెలిసింది. పాత పద్ధతి నిద్రని ఎస్3 అంటారు. అందులో ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతుంది, మిగతావి దాదాపు అన్నీ ఆఫ్. కొత్త పద్ధతి ఎస్2ఐడిల్‌లో ప్రాసెసర్ పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుందంతే. లోపల ఏ ఒక్క పరికరం మేలుకుని ఉన్నా ఆ కునుకూ సరిగా పట్టదు. లినక్స్‌లో సిస్ అనే ఫోల్డర్‌లో పవర్, దాంట్లో మెమ్ స్లీప్ (/sys/power/mem_sleep) అనే ఫైలు ఉంటుంది, మీ మెషిన్‌కి ఏ నిద్ర వచ్చో అందులో కనిపిస్తుంది. డీప్ అని ఉంటే ఎస్3 ఉన్నట్టు. నాదాంట్లో ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంది. 11వ తరం నుంచి చాలా మోడళ్లలో ఎస్3 ఎత్తేశారు గానీ, నా మోడల్ బయోస్‌లో స్లీప్ స్టేట్ అనే ఆప్షన్ ఉంది. దాన్ని విండోస్ నుంచి లినక్స్‌కి మారిస్తే ఎస్3 వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుని, రీస్టార్ట్ చేసి బయోస్ తెరవడానికి ఎఫ్1 నొక్కా.

పాస్‌వర్డ్ అడిగింది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే లోపలికి రానిచ్చింది, కాకపోతే చూడ్డానికే. స్లీప్ స్టేట్ వరుస బూడిదరంగులో ఉంది, ఎన్నిసార్లు కిందికీ పైకీ జరిపినా కర్సర్ దాన్ని దాటి దూకేస్తుంది తప్ప ఆగదు. అద్దంలో చందమామ! పాత కంపెనీ ఐటీవాళ్లు బయోస్ సెట్టింగులు ఎవరూ మార్చకుండా పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అది.

పోనీ బయోస్ అప్‌డేట్ చేద్దామని ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ (fwupd, లినక్స్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ప్రోగ్రాం) నడిపా. తయారీదారులే తమ ఫర్మ్‌వేర్‌ని (బయోస్ లాంటి, పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్‌ని) ఎల్‌వీఎఫ్ఎస్ అనే ఆన్‌లైన్ నిల్వలో ఎక్కిస్తారు, మనకి అక్కణ్నుంచి వస్తుంది. (బ్రాండు అక్కడుంటే చాలదు, మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి.) నా మోడల్‌కి కొత్తది ఉంది, నా మెషిన్‌లో ఉన్నది 2021 నాటిది. తీరా చూస్తే క్యాప్సూల్ అప్‌డేట్లు, అంటే లినక్స్ లోంచే బయోస్‌ని అప్‌డేట్ చేసే దారి, బయోస్‌లో ఆపేసి ఉన్నాయంది. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్కులో దాచి పూర్తిగా ఆఫ్ చేయడం) చేద్దామంటే, సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగు) ఆన్‌లో ఉండగా ఉబుంటు ఒప్పుకోదు. సెక్యూర్ బూట్ ఆపాలన్నా బయోసే. ఎటు తిరిగినా ఆ తాళం దగ్గరికే.

షాపుకెళ్తే, "అన్నా, లినక్స్ వేస్తే ఇంతే. విండోస్ వేసుకోండి, సెట్ అయిపోతుంది" అన్నాడు. ఆ ముచ్చటా తీర్చా. విండోస్‌లో పడుకునేటప్పుడు 92 శాతం, లేచేసరికి 61. ఫోటో తీసి చూపిస్తే మాట మార్చి, సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీదుండే చిన్న బిళ్ల బ్యాటరీ) పీకి పెడితే పాస్‌వర్డ్ పోతుందన్నాడు. పోదు. ఇలాంటి బిజినెస్ మోడళ్లలో అది కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటుంది. కంపెనీ సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే మదర్‌బోర్డే మార్చాలన్నారు.

ఇంకోటి. మూతమీద "బ్యాటరీ 90+" అని స్టిక్కరు. లినక్స్ ఇచ్చే లెక్క చూస్తే డిజైన్ సామర్థ్యం 50 వాట్ అవర్లు, ఇప్పుడు నిండేది 28. అంటే 56 శాతం. డబ్బిచ్చే ముందు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) upower -d కొడితే ఈ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపించేవి.

కాబట్టి షాపులో నిలబడే బయోస్‌లోకెళ్లి ఏదో ఒక సెట్టింగు మార్చి, సేవ్ చేసి, మళ్లీ వెళ్లి చూడండి. తెరుచుకుంటే సరిపోదు, మారాలి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసిన ఉబుంటులో మూత మూసి, పక్కన టీ తాగొచ్చి, అడుగున చెయ్యి పెట్టండి. బిల్లుమీద సీరియల్ నంబరు, "బయోస్ పాస్‌వర్డ్ లేదు" అన్న ముక్క రాయించుకోండి. నా బిల్లులో మోడల్ పేరు కూడా లేదు, "ల్యాప్‌టాప్ 1" అంతే. అందుకే గట్టిగా అడగలేకపోయా.

మూడుసార్లు తిరిగాక 19,000 ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు. మూతమీద కుడి మూల పాత ఆఫీసు స్టిక్కరు పీకిన జిగురు మరక, ఎడమ యూఎస్‌బీ పక్కన చిన్న సొట్ట. నేను బయటికొస్తుండగానే గుడ్డతో తుడిచి మళ్లీ అదే అరలో పెట్టాడు.