లీడౌట్ ట్రైనా, ఒంటరి స్ప్రింటరా: స్టేజ్ రేసులో ఏది మేలు?

టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో సాయంత్రం ఐదున్నరకు ముగిసే స్టేజ్ (ఒక రోజు పోటీ) మనకు హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది. మర్నాడు తెల్లవారుజామున నార్సింగి దగ్గర, ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద కలిసే రైడర్ల మధ్య జూలై అంతా ఒకే వాదన నడుస్తుంది. స్ప్రింటర్‌ను, అంటే ఆఖరి పరుగులో వేగంగా దూకే రైడర్‌ను, ముగింపు గీత దాకా తెచ్చి వదలడానికి జట్టు మొత్తం వరుస కట్టడం మేలా, లేక వాడిని వాడి మానాన వదిలేసి, ఎవరి చక్రం వెనుక వీలైతే ఆ చక్రం వెనుక చేరి గెలవమనడం మేలా అన్నదే ఆ వాదన. గెలిచిన స్టేజ్‌ల లెక్క ఒక్కటే చూస్తే సమాధానం తేలిక. మూడు వారాల రేసు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే అంత తేలిక కాదు.

ముందుగా గాలి సంగతి చూడాలి. గండిపేట వైపు ఎదురుగాలిలో ముందున్న రైడర్ వెనుక చక్రానికి ఒక అడుగు దూరంలో తొక్కినవారికి ఇది శరీరానికే తెలుస్తుంది: చెవుల్లో హోరు తగ్గుతుంది, పెడల్ తేలికవుతుంది, పక్కకు ఒక్క జానెడు జరిగితే చాలు, హోరు మళ్లీ మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలిని తోయడానికి కావలసిన శక్తి, వేగం పెరిగిన నిష్పత్తికి ఘనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, గంటకు 60 కిలోమీటర్ల నుంచి 66కు చేరాలంటే వేగం పది శాతమే పెరిగినా శక్తి మూడో వంతు ఎక్కువ కావాలి. వెనుక ఉన్నవాడికి ఆదా అయ్యేది కూడా ఇంచుమించు అంతే. అందువల్ల స్ప్రింట్ అంటే ఎవరి కాళ్లలో బలం ఎక్కువ అన్న పరీక్ష మాత్రమే కాదు. చివరి 200 మీటర్ల వరకు గాలి తగలకుండా ఎవరు రాగలిగారన్న పరీక్ష కూడా.

ఆ పరీక్షకు జట్టు ఇచ్చే జవాబే లీడౌట్ ట్రైన్. చివరి ఐదారు కిలోమీటర్లలో జట్టు సభ్యులు ఒకరి వెనుక ఒకరు వరుసగా నిలుస్తారు. ముందున్నవాడు తనలో ఉన్నదంతా ఖర్చు చేసి పక్కకు తప్పుకుంటాడు, రెండోవాడు వేగం పెంచుతాడు, అలా చివరికి మిగిలిన లీడౌట్ మనిషి గీతకు 200 మీటర్ల దూరంలో స్ప్రింటర్‌ను వదులుతాడు. తొంభైలలో మారియో చిపొల్లీని కోసం సాయెకో జట్టు కట్టిన ఎర్ర ట్రైన్ దీనికి పేరు తెచ్చింది. 1999 టూర్‌లో ఆయన వరుసగా నాలుగు స్టేజ్‌లు గెలిచాడు. ఆ నాలుగింటిలో మొదటిదైన బ్లువా స్టేజ్ సగటు వేగం గంటకు 50.355 కిలోమీటర్లు. 2004లో ఇటలీ మూడు వారాల రేసు జిరో డిటాలియాలో అలెస్సాండ్రో పెటాకీ ఫాసా బోర్తొలో ట్రైన్ వెనుక ఏకంగా తొమ్మిది స్టేజ్‌లు గెలిచాడు.

అయితే ఈ పద్ధతి ఎంత పదునెక్కగలదో చూపించింది మార్క్ కావెండిష్ కాలపు కొలంబియా హెచ్‌టీసీ జట్టు. 2009 టూర్‌లో ఆయన ఆరు స్టేజ్‌లు గెలిచాడు. పారిస్‌లో ముగిసిన చివరి స్టేజ్‌ను గమనంగా చూడాలి. ఆఖరి మలుపు తిరిగి షాంజెలీజే మీదికి వచ్చేసరికి మార్క్ రెన్‌షా ముందున్నాడు, కావెండిష్ ఆయన చక్రం వెనుక ఉన్నాడు. కావెండిష్ బయటికి దూకి వెళ్లిపోయాక, తన పని ముగించుకున్న రెన్‌షా కూడా రెండో స్థానంలో గీత దాటాడు. పోటీలో ఉన్న స్ప్రింటర్లలో ఒక్కరు కూడా లీడౌట్ మనిషిని సైతం దాటలేకపోయారు. ట్రైన్ చేసే అసలు మేలు ఇక్కడే కనబడుతుంది: అది తన స్ప్రింటర్‌ను గాలి నుంచి కాపాడటమే కాకుండా, వెనుకనుంచి ఎవరూ ముందుకు రాలేనంత వేగాన్ని రోడ్డు మీద నిలబెడుతుంది. వేగం తగ్గితేనే గుంపు విచ్చుకుంటుంది, గుంపు విచ్చుకుంటేనే తోపులాటలు, పడిపోవడాలు.

ఇక దీని ఖరీదు. 2018 నుంచి గ్రాండ్ టూర్లలో (మూడు వారాల పెద్ద రేసుల్లో) జట్టుకు తొమ్మిది మంది బదులు ఎనిమిది మందే. స్ప్రింటర్ పోగా ఏడుగురు. వీరిలో ఒకరిద్దరు ఉదయం నుంచి గుంపు ముందు నిలబడి బ్రేక్‌అవేను, అంటే గుంపు నుంచి విడిపోయి ముందుకు వెళ్లినవారిని, అందుబాటులో ఉంచాలి. 2021లో కావెండిష్ కోసం టిమ్ డెక్లెర్క్ గంటల తరబడి చేసిన పని అదే, ఆ శ్రమ చాలామంది కంట పడనే పడదు. కొండల స్టేజ్‌లలో స్ప్రింటర్ సమయ పరిమితి దాటిపోకుండా వెంట ఉండి తీసుకురావలసింది కూడా ఆ జట్టు సభ్యులే. పసుపు జెర్సీ (మొత్తం సమయంలో ముందున్నవారిది) మీద ఆశ ఉన్న నాయకుడు కూడా ఆ జట్టులోనే ఉంటే లెక్క ఇక కుదరదు. ఒకే ఎనిమిది మందితో పూర్తి ట్రైన్‌నూ కొండల మీద కాపలానూ రెండింటినీ నడపడం దాదాపు అసాధ్యం.

రెండో పద్ధతికి పెద్ద దిక్కు రాబీ మెక్‌యువెన్. ఆస్ట్రేలియాకు చెందిన ఆయన పన్నెండు టూర్ స్టేజ్‌లు, మూడుసార్లు ఆకుపచ్చ జెర్సీ (పాయింట్లలో ముందున్నవారిది) గెలుచుకున్నాడు. ఆయన నమ్ముకున్నది ట్రైన్‌ను కాదు, ఏ చక్రం ఎప్పుడు ముందుకు కదులుతుందో పసిగట్టే నేర్పును. ఎదుటి జట్టు కష్టపడి కట్టిన ట్రైన్‌లో స్ప్రింటర్ వెనుక చోటు సంపాదిస్తే, ఆ ట్రైన్ తనకూ పని చేసినట్టే. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, నష్టభయం ఎక్కువ. ముందు దారి మూసుకుపోతే కాళ్లలో ఎంత బలం ఉన్నా బ్రేకు పట్టవలసిందే. పైగా ఒంటరి అన్న మాటను మరీ అక్షరాలా తీసుకోకూడదు. 2007లో కాంటర్‌బరీలో ముగిసిన స్టేజ్‌లో, సుమారు 20 కిలోమీటర్లు మిగిలి ఉండగా పడిపోయిన మెక్‌యువెన్‌ను తిరిగి గుంపులోకి చేర్చింది జట్టు సభ్యులే. ఆ తరువాతి గెలుపు మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

ఆకుపచ్చ జెర్సీ విషయంలో త్రాసు ఒంటరి రైడర్ వైపు మొగ్గుతుంది. అది గెలుపులకన్నా నిలకడకు ఎక్కువ విలువ ఇస్తుంది. 2014లో పీటర్ సగాన్ ఒక్క స్టేజ్ కూడా గెలవకుండానే దాన్ని పారిస్ దాకా నిలుపుకున్నాడు. మొత్తం ఏడుసార్లు గెలిచిన ఆయనకు పెద్ద ట్రైన్ అండ అరుదు. మరోవైపు పద్నాలుగు టూర్ స్టేజ్‌లు గెలిచిన మార్సెల్ కిట్టెల్ ఆ జెర్సీని ఒక్కసారి కూడా గెలవలేదు. 2017లో ఐదు స్టేజ్‌లు గెలిచి, జెర్సీ వేసుకుని ఉండగానే పడిపోయి రేసు వదిలి వెళ్లవలసి వచ్చింది.

ప్రమాదం సంగతి పక్కన పెట్టి ఏ పద్ధతి మేలో తేల్చడం నాకు సరైనదిగా తోచదు. 2020 టూర్ ఆఫ్ పోలండ్‌లో కటోవిట్సేలో గంటకు 80 కిలోమీటర్లు దాటే వేగంతో సాగిన పల్లపు ముగింపులో, డిలాన్ గ్రూనెవేగెన్ తన దారి వదిలి పక్కకు జరగడంతో ఫాబియో యాకబ్‌సెన్ బారికేడ్లలోకి దూసుకెళ్లి ప్రాణాపాయం దాకా వెళ్లాడు. గ్రూనెవేగెన్‌కు తొమ్మిది నెలల నిషేధం పడింది. గీత దగ్గర పడినవారికి సమయం నష్టపోకుండా చూసే నియమం ఉంది గాని, ఎముకలను కాపాడే నియమం ఏదీ లేదు. ట్రైన్ ఉన్నా ప్రమాదం పూర్తిగా తొలగదు, చివరి 200 మీటర్లలో ఎవరికి వారే. అయినా అంతకు ముందరి మూడు కిలోమీటర్ల తోపులాట నుంచి మాత్రం అది నిజంగా కాపాడుతుంది.

ఇంత చెప్పాక నా తీర్పు మూడో పద్ధతికి: నమ్మకమైన లీడౌట్ మనిషి ఒక్కడు, చక్రం పట్టడం తెలిసిన స్ప్రింటర్ ఒకడు. 2023లో యాస్పర్ ఫిలిప్సెన్ నాలుగు స్టేజ్‌లతో పాటు ఆకుపచ్చ జెర్సీ గెలిచినప్పుడు ఆయన ముందున్నది మాథ్యూ వాన్ డెర్ పూల్. 2021లో కావెండిష్ నాలుగు గెలుపుల్లో మైకేల్ మోర్కోవ్ చేసిన పని కూడా అదే: గుంపులో ఏ సందు ఎప్పుడు తెరుచుకుంటుందో ముందే చూసి, తన స్ప్రింటర్‌ను అందులోంచి తీసుకెళ్లడం. ఇద్దరి మధ్య ఇలాంటి నమ్మకం ఉంటే మిగతా ఆరుగురు నాయకుడికి, బ్రేక్‌అవేకు, కొండలకు మిగులుతారు.

ఈ మాటకు కావెండిష్ జీవితమే సాక్ష్యం. 2012లో పసుపు జెర్సీ కోసం వచ్చిన స్కై జట్టులో ఆయనకు ట్రైన్ లేదు. టూర్నేలో ముగిసిన రెండో స్టేజ్‌లో ఎదుటివాళ్ల చక్రాలు పట్టుకునే గెలిచాడు. అదే ఏడాది పారిస్‌లో, నాయకత్వం ఖాయమైపోయాక, పసుపు జెర్సీలో ఉన్న బ్రాడ్లీ విగ్గిన్స్ స్వయంగా ముందు నిలబడి వేగం అందించాడు, కావెండిష్ వరుసగా నాలుగోసారి షాంజెలీజే మీద గెలిచాడు. 2024లో సాంవుల్బాలో ఆయన తన 35వ టూర్ స్టేజ్ గెలిచి, స్టేజ్ గెలుపుల్లో ఎడీ మెర్క్స్ రికార్డును దాటినప్పుడు, ట్రైన్ ఆయన్ని గీత దాకా మోసుకురాలేదు. ఆఖరి వందల మీటర్లలో చక్రం నుంచి చక్రానికి దారి ఆయనే వెతుక్కున్నాడు. ట్రైన్ మీద కూర్చుని గెలవడం మాత్రమే తెలిసినవాడైతే ఆ రోజు గెలిచేవాడు కాదు.

మన నగరంలో ఆదివారం రేసులకు ముగ్గురు నలుగురు కలిసి వెళ్లే జట్లు పూర్తి ట్రైన్ కోసం ప్రయత్నించి చెదిరిపోవడం కన్నా ఇద్దరి జంటగా సాధన చేయడం ఎంతో మేలు. సాధనకు ఓఆర్ఆర్ ట్రాక్ మాత్రం తగదు, అక్కడ పిల్లలు, కొత్తగా నేర్చుకునేవారు తొక్కుతుంటారు. ఉస్మానియా వెలోడ్రోమ్‌లో అవకాశం దొరికినా, లేక వాహనాలు లేని వేళ మూసి ఉంచిన రోడ్డు దొరికినా, ఒకరు 600 మీటర్ల గుర్తు నుంచి వేగం నిలకడగా పెంచాలి, రెండోవారు 200 మీటర్ల దగ్గర బయటికి రావాలి. ఎదురుగాలి ఉన్న రోజు ఆ గుర్తును 150కి జరపాలి, వెనుకగాలి ఉంటే 250కి. పక్కగాలి అయితే ముందున్నవారు గాలి వచ్చే వైపు రోడ్డు అంచు పట్టుకోకూడదు, అలా చేస్తే వెనుక వచ్చేవారందరికీ గాలి తగలని చోటు దొరుకుతుంది, కాబట్టి ఎదుటి అంచుకు దగ్గరగా నడిచి తమ జంటకు మాత్రమే సరిపడా ఆశ్రయం మిగల్చాలి.