శిబ్‌పుర్ తోటలో పొద్దుగూకేదాకా

కోల్‌కతా పక్కన హౌరాలో శిబ్‌పుర్ బొటానికల్ గార్డెన్ చూడ్డానికి వెళ్లేవాళ్లకి ముందుగా ఒక మాట. ఎంత ఆలస్యమైనా సరే, స్టేషన్ పక్కన కనబడ్డ లాడ్జిలో దిగకండి. మేం దిగాం. ఫోన్లో నలుగురికని 1,850 రూపాయలకు బుక్ చేసుకున్న గది, తీరా వెళ్లాక ఇద్దరికేనట. మిగతా ఇద్దరికీ పరుపులకు ఇంకో 600. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో గోడ. బకెట్ వేడినీళ్లు 40. రాత్రి 11 దాటింది, అత్తయ్యగారిని వెంటేసుకుని ఇంకోచోటు వెతికే ఓపిక లేక కట్టేశాం. దుప్పటి వాసనకి ఆవిడ కన్ను మూయలేదు. పొద్దున్న టిఫిన్ దగ్గర "టికెట్లు మార్పించు, ఇంటికి పోదాం" అని మావారితో అన్నారు. మావాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

అయినా బయల్దేరదీశాను. ఆ తోట చూడాలన్న కోరిక నాది. మాది సామర్లకోట పక్కన పెద్దాపురం. 1780ల్లో సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించి, మన దేశపు చిత్రకారులతో బొమ్మలు గీయించిన ఈస్టిండియా కుంపిణీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ తోటకే అధికారిగా వచ్చాడు. మొక్కల గురించి రాసేటప్పుడు వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమిద చెట్టు శాస్త్రీయనామం 'సోయ్‌మిడా' అయింది తెలుగు పేరువల్లే.

ట్యాక్సీవాడు 400 అడిగాడు. స్టేషన్ బయట "బి గార్డెన్, బి గార్డెన్" అని పిలుస్తున్న బస్సెక్కితే నలుగురికీ 48 అయింది. బస్సే ఎక్కండి.

1787లో కుంపిణీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన తోట ఇది. 270 ఎకరాల పైమాటే, పక్కనే హుగ్లీ. 2009 నుంచి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. లోపలికి అడుగుపెట్టగానే హౌరా రొద ఆగిపోయింది. అందరూ నేరుగా మహావటం దగ్గరికి పోతారు, మేమూ పోయాం. దూరం నుంచి చూస్తే ఒక చిట్టడవిలా ఉంది. తుఫాన్లకు దెబ్బతిని బూజు పట్టిన మూలకాండాన్ని 1925లో తీసేశారట. మొదలు లేకుండానే మూడు వేలకు పైగా ఊడల మీద మర్రి బతుకుతోంది. చుట్టూ వేసిన 330 మీటర్ల దారినీ దాటి బయటికి పాకింది.

"ఇందులో అసలు చెట్టేది నాన్నమ్మా?" అన్నాడు మావాడు. పొద్దుటినుంచీ వాడు నోరు తెరవడం అదే మొదలు.

అక్కడ ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దాయన వాడి చూపు గమనించినట్టున్నాడు. చీపురు పక్కన పెట్టి రమ్మని సైగ చేశాడు. ఆయనది బెంగాలీ, మాది తెలుగు, మధ్యలో మావారి వచ్చీరాని హిందీ. కొంతదూరం నడిపించి ఒక చెట్టు కింద రాలిన ఆకు తీసి అత్తయ్యగారి చేతిలో పెట్టాడు. మర్రాకే, కానీ అడుగున దొన్నెలా ముడుచుకుని ఉంది. "కృష్ణ బట్" అన్నాడు. వెన్న దొంగిలించిన కృష్ణుడు దాచుకోడానికి ఆకుని అలా చుట్టాడట. ఆవిడ ఆ దొన్నెలో వేలు పెట్టి చూసి, "ఒరేయ్, నిజంగానే వెన్న పడుతుందిరా" అని మనవడిని దగ్గరికి లాక్కున్నారు. ఇక టికెట్ల మాట ఎత్తలేదు.

ఆయనే మమ్మల్ని ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండని 'పిచ్చి చెట్టు' దగ్గరికీ తీసుకెళ్లాడు. మావాడు ఇరవై ఆకులు ఏరి నేలమీద పరిచి పోల్చాడు. పెద్దాయనకి వంద రూపాయలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. బలవంతాన టీ తాగించాం, 10 రూపాయలు.

మధ్యాహ్నం గేటు బయట కొట్లో లూచీలు (మైదా పూరీలు), శనగపప్పు. పప్పులో కొబ్బరి ముక్కలు, కొంచెం తీపి. పప్పులో తీపేమిటని మావారు ముఖం పెట్టారు గానీ, అత్తయ్యగారు రెండోసారి వేయించుకున్నారు. నలుగురికీ 220. రాత్రి లాడ్జి పక్కన ఉట్టి అన్నం, నీళ్ల పప్పుకి 480 పోశాం, అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సాయంత్రం చెరువు గట్టున కుక్క అనుకుని చూస్తే నక్క. మాకు పది అడుగుల దూరంలో నిలబడి ఒక్క క్షణం చూసి పొదల్లోకి వెళ్లింది. మావాడు ఫోన్ జేబులోంచి తీయనే లేదు.

ఒక పూట సరిపోదు. రాక్స్‌బర్గ్ ఉన్న ఇల్లు, రెండు కాయలు అతుక్కున్నట్టుండే జంట కొబ్బరి చెట్టు చూడ్డం మాకు కుదరనేలేదు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి బ్యాటరీ బండి మంచిదే, కానీ మర్రి చుట్టూ మాత్రం నడవనివ్వండి. మా అత్తయ్యగారు కర్రతోనే మొత్తం చుట్టొచ్చారు, దారిలో ఊడ అందినచోటల్లా ఆగి చేయి వేస్తూ.