కోంక్, సెయింట్ గిలెమ్: దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక్క పల్లెనే చూడగలిగితే ఏది మేలు?

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆక్సితానీ ప్రాంతంలో, అవేరోన్ జిల్లాలో కోంక్, ఎరో జిల్లాలో సెయింట్ గిలెమ్ ల డెజెర్ అనే రెండు చిన్న పల్లెలు ఉన్నాయి. రెండూ మఠాన్ని ఆనుకుని పెరిగినవే. రెండూ స్పెయిన్‌లోని శాంటియాగో దె కొంపొస్తెలాకు కాలినడకన సాగే క్రైస్తవ యాత్రికుల మార్గాల మీద ఉన్నాయి: కోంక్ ఉన్నది ‘ల ప్వీ’ పట్టణం నుంచి వచ్చే దారిలో, సెయింట్ గిలెమ్ ఉన్నది ‘ఆర్ల్’ పట్టణం నుంచి వచ్చే దారిలో. ఆ మార్గాలలో భాగంగానే 1998లో రెండు మఠాల చర్చిలకూ యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. కొండ దారుల వల్ల రెండింటినీ ఒకే రోజు తీరికగా చూడడం సాధ్యం కాదు కనుక, ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

చేరుకోవడం ఒక్కటే లెక్క అయితే సెయింట్ గిలెమ్‌దే పైచేయి. వేగవంతమైన రైళ్లు వచ్చే మోంపెలియె నగరం నుంచి అది సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కోంక్‌కు రోదెజ్ పట్టణం నుంచి కారులో వెళ్లడమే తేలిక.

సెయింట్ గిలెమ్ మఠాన్ని 804లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ బంధువు, సేనాని అయిన గిలెమ్ స్థాపించాడు. యుద్ధాలు విడిచి సన్యాసం స్వీకరించిన అతనికి, ఏసుక్రీస్తు శిలువలోనిదిగా భక్తులు నమ్మే కర్రముక్కను చక్రవర్తి కానుకగా ఇచ్చాడని చెబుతారు. నేటి చర్చి ప్రధానంగా 11వ శతాబ్దపు రోమనెస్క్ (మందపాటి గోడలు, గుండ్రని తోరణాల శైలి) కట్టడం. సున్నపురాతి కొండల మధ్య ఇరుకైన లోయ, ఊరి నడుమ చౌకులో విశాలమైన ప్లేన్ చెట్టు, ఇళ్ల తలుపులకు కొట్టిన ఎండు ముళ్లపూలు, కింద ఎరో నది మీద 11వ శతాబ్దంలో కట్టిన, ‘దయ్యపు వంతెన’ అని పిలిచే వంతెన, వీటన్నిటితో ఆ ఊరి అందానికి లోటు లేదు. ఆ ముళ్లపూలు గాలిలోని తేమను బట్టి ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి. అందుకే స్థానికులు వాటిని చూసి వాతావరణాన్ని అంచనా వేసేవారు.

లోటంతా మఠంలోనే ఉంది. ఫ్రెంచి విప్లవం తరువాత మఠం ఆస్తులను అమ్మివేశారు. ప్రార్థనలు జరిగిన చోట నూలు మిల్లు, తోళ్ల పరిశ్రమ వెలిశాయి. మఠపు నడిమి ప్రాంగణం చుట్టూ ఉన్న స్తంభాల వసారాను విప్పి రాళ్లుగా వాడుకున్నారు. మిగిలిన చెక్కడపు స్తంభాలలో కొన్ని పక్కనున్న ఆనియాన్ ఊరిలో ఒకరి తోటకు చేరాయి. 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికన్ శిల్పి జార్జ్ గ్రే బర్నార్డ్ వాటిని కొని న్యూయార్క్ తరలించాడు. 1925లో అమెరికన్ సంపన్నుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ధనసహాయంతో అవి మెట్రోపాలిటన్ మ్యూజియం పరమయ్యాయి. 1938లో తెరిచిన, ఆ మ్యూజియం శాఖ అయిన క్లాయిస్టర్స్ భవనంలో నేటికీ ఉన్నాయి. అమరావతి స్తూపపు పలకలను చెన్నైలో, లండన్‌లో వెతుక్కోవలసి వచ్చే తెలుగువారికి ఈ నష్టం ఎలాంటిదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఊళ్లో మిగిలిన వసారా భాగాన్ని చూస్తున్నప్పుడు, కళ్లెదుట ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువగా మనసులో మెదులుతుంది.

కోంక్ చరిత్ర దీనికి భిన్నంగా నడిచింది. అక్కడి వైభవానికి మూలం ఒక దొంగతనమన్నది నిజమే: 9వ శతాబ్దంలో కోంక్ సన్యాసి ఒకడు ఆజెన్ పట్టణంలో ఏళ్ల తరబడి నమ్మకంగా మెలిగి, బాల్యంలోనే మతం కోసం ప్రాణాలర్పించిన సెయింట్ ఫ్వా అస్థికలను ఎత్తుకొచ్చాడని ఆ మఠపు గాథే చెబుతుంది. ఆ అస్థికల కోసం చేయించిన, బంగారు రేకు తొడిగి రత్నాలు పొదిగిన ఆసీన ప్రతిమ నేటికీ ఊళ్లోనే ఉంది. విప్లవకాలంలో బంగారాన్ని కరిగించడానికి అధికారులు వస్తారని తెలిసి, గ్రామస్థులు మఠపు నిధిని పంచుకుని తమ ఇళ్లలో, తోటలలో దాచి, దొంగలు పడ్డారని చెప్పారట. ప్రమాదం గడిచాక తిరిగి తెచ్చి అప్పగించారు. నిరుపేద పల్లెలో, ఒక్క ముక్క అమ్ముకున్నా ఏళ్లు గడిచే కరువు రోజుల్లో, ఆ జనం చేసిన పని నాకు ఆ బంగారం కన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

చర్చి పడమటి ద్వారం పైన 12వ శతాబ్దపు అర్ధచంద్రాకార శిల్పఫలకం ఉంది. అంతిమ తీర్పును, అంటే లోకాంతాన దేవుడు మనుషుల మంచిచెడులను తేల్చే ఘట్టాన్ని, చూపే ఆ ఫలకంలో 124 బొమ్మలు ఉన్నాయి, ఆనాటి రంగుల జాడలూ ఉన్నాయి. సెయింట్ ఫ్వా దేవుని హస్తం ముందు మోకరిల్లి ఉంటుంది. ఆమె వెనుక, ఆమె దయవల్ల చెర వీడినవారు సమర్పించిన సంకెళ్లు వేలాడుతుంటాయి. ఫలకం అంచు చుట్టూ చెక్కిన చిన్న ముఖాలు రాతి మడత చాటునుంచి తొంగిచూస్తుంటాయి. అప్పటికి శిథిలావస్థలో ఉన్న ఈ చర్చిని 1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి, రచయిత ప్రోస్పేర్ మెరిమే చూసి, దాని రక్షణకు పూనుకున్నాడు.

లోపలి కిటికీల విషయంలో మాత్రం పాతదనమే ప్రాణమనుకునేవారు నాతో విభేదించవచ్చు. రోదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ (1919–2022) ఇక్కడి 104 కిటికీలకు రంగుల్లేని, బొమ్మల్లేని పాలగాజును, వంపు తిరిగిన నల్లని గీతలను ఎంచుకున్నాడు. 1994లో అవి పూర్తయ్యాయి. తొలుత ఊళ్లో వ్యతిరేకత వచ్చినా, పొద్దును బట్టి నీలం నుంచి నారింజ వరకు మారే వెలుతురు ఆ రాతి గోడలకు ఎంతో హుందాగా అమరిందని నా అభిప్రాయం. వారసత్వాన్ని కాపాడుతూనే దానికి కొత్తది చేర్చగలిగిన ధైర్యం సెయింట్ గిలెమ్‌లో నాకు కనిపించదు.

అందువల్ల శిల్పం, చరిత్ర కోసం వెళ్లేవారికి నేను నిస్సంకోచంగా కోంక్‌నే సూచిస్తాను. పడమటి ఎండ శిల్పఫలకం మీద పడేలా మధ్యాహ్నం దాటాక చేరి, వీలైతే రాత్రికి అక్కడే ఉండడం మంచిది. చిన్నపిల్లలతో వెళ్లేవారికి, నదిలో ఈదాలనుకునేవారికి, కారు లేనివారికి సెయింట్ గిలెమే అనువైనది. అయితే జూలై, ఆగస్టులలో అక్కడ జనం కిటకిటలాడతారు కనుక వసంతంలో వెళ్లాలి, వెళ్లినప్పుడు మఠంలో మిగిలిన శిల్పాలను భద్రపరచిన చిన్న మ్యూజియాన్ని తప్పక చూడాలి.