పెళ్లివారా, ఇల్లరికపు అల్లుడా? అణు కేంద్రం తనిఖీకి ఏది మేలు

శ్రీకాకుళం జిల్లాలో అణు విద్యుత్ కేంద్రం పెడతామంటున్న కొవ్వాడ పేరు పత్రికలో కనిపించిన ప్రతిసారీ నాకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. రణస్థలం వైపు మా చుట్టాలున్నారు. గాజువాకలో ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసని వారి నమ్మకం. మొదట్లో రియాక్టరు మంచిదా కాదా అని అడిగేవారు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి పన్నెండు ప్రాణాలు తీశాక ప్రశ్న మారింది. "దాన్ని చూసేదెవరు బావా? ఎన్నాళ్లకోసారి చూస్తారు?" అంటున్నారు. ఇది అంతకన్నా మంచి ప్రశ్న.

తనిఖీకి ప్రధానంగా రెండు పద్ధతులు. ఒకటి, బృందం వచ్చి, చూసి, నివేదిక రాసి వెళ్లడం. మన అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినప్పటి నుంచి ఎక్కువగా నడిచింది ఇలాగే. ముంబయి నుంచి నిపుణులు వస్తారు. పదేళ్లకోసారి కేంద్రం మొత్తాన్ని తిరగేసే సమీక్ష దీనికి అదనం. రెండోది అమెరికా పద్ధతి. అక్కడ ప్రతి కేంద్రంలోనూ ప్రభుత్వ తనిఖీ అధికారులు కనీసం ఇద్దరు రోజూ అక్కడే ఉంటారు. మన మండలి కూడా ఇటీవల కొన్ని చోట్ల తన పరిశీలకులకు మకాం ఏర్పాటు చేస్తోంది కాబట్టి ఏది మేలన్నది ఇక్కడా అడగదగ్గ ప్రశ్నే.

ముందు బృందం తరఫున మాట్లాడతాను, ఎందుకంటే వాళ్లను తక్కువగా చూడటం తేలిక. వెంకటాపురం ట్యాంకు సంగతే చూడండి. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది. పై పొరలు ఉడికిపోతున్నా అడుగున అంకె మామూలుగానే చూపిస్తుంది. లాగ్‌బుక్కులో ఎవరూ అబద్ధం రాయనక్కరలేదు, నిజం రాసినా ప్రమాదం కనిపించదు. రోజూ ఆ ట్యాంకు పక్క నుంచి నడిచే మనిషికి అది తట్టకపోవచ్చు. స్టైరీన్ పై నుంచి ఎలా వేడెక్కుతుందో తెలిసినవాడు వచ్చి "పైన కొలత ఏది?" అని అడగాలి. అణు కేంద్రంలో అలాంటి ప్రశ్నలు వందల్లో ఉంటాయి. వెల్డింగులు తెలిసినవాడు, కాంక్రీటు తెలిసినవాడు, పరికరాలు తెలిసినవాడు వేర్వేరు. ఇద్దరు స్థానిక అధికారులకు ఇన్ని విద్యలు ఎక్కడ వస్తాయి?

అక్కడే ఉండటం వల్ల కన్ను మొద్దుబారుతుందన్నదీ నిజమే. అమెరికాలో ఒహాయోలోని డేవిస్-బెస్సీ అణు కేంద్రంలో 2002 మార్చిలో బయటపడినది చదివితే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది. రియాక్టరు నీటిలో కలిపే బోరిక్ ఆమ్లం పాత్ర మూతపై కారి కారి, ఆరున్నర అంగుళాల మందమున్న ఉక్కును తినేసింది. చివరికి ఒత్తిడినంతా ఆపుతూ మిగిలింది అంగుళంలో మూడో వంతుకు కాస్త పైన మందమున్న స్టెయిన్‌లెస్ పొర. గాలి వడపోతలు బోరాన్ పొడితో, తుప్పుతో పదే పదే మూసుకుపోతున్నా ఎవరూ వాటి మూలం దాకా వెళ్లలేదు. అక్కడ మకాం ఉన్న అధికారులూ పట్టుకోలేదు. మరమ్మతు చేస్తుండగా ఒక గొట్టం పట్టు తప్పి కదిలితే పనివాళ్లకు తెలిసింది.

ఇంత చెప్పీ నేను రెండో పద్ధతి వైపే ఉన్నాను. కారణం మా గేటు.

నేను పని చేసిన చోట తనిఖీ ఎప్పుడో తెలియడానికి నోటీసు అక్కరలేదు. రెయిలింగులకు పసుపు రంగు పడిందంటే వారంలో అధికారులు వస్తున్నట్టే. ఊడిన గార్డులు మోటార్ల మీదికి తిరిగి ఎక్కేవి. ఫ్యూజుకు బదులు పెట్టిన రాగి తీగలు మాయమయ్యేవి. పోనీ, చెప్పకుండా వచ్చారనుకోండి. గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయించుకునే ఐదు నిమిషాల్లో సెక్యూరిటీ అతను లోపలికి ఫోను చేసేవాడు. "పెళ్లివారు వచ్చారు," అంతే. అధికారులు మా షాపుకు చేరేసరికి అందరి తలల మీదా హెల్మెట్లు ఉండేవి. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

అందుకే అమెరికా నిబంధనల్లో ఒకటి చదివి ఆగిపోయాను. తనిఖీ అధికారికి కేంద్రం లోపల ఉద్యోగితో సమానంగా, ఆటంకం లేకుండా తిరిగే హక్కు ఉండాలి. అంతేకాదు, ఆయన వచ్చాడన్న కబురు ఆయన కోరితే తప్ప సిబ్బంది ఒకరికొకరు చేరవేసుకోకుండా సంస్థే చూడాలి! ఆ వాక్యం రాసినవాడెవరో ఏదో ఒక గేటు దగ్గర నిలబడి ఉంటాడు. జపాన్ కథా ఇంతే. 2011 ఫుకుషిమా అణు ప్రమాదానికి ముందే అక్కడ మకాం అధికారులు ఉండేవారు. కానీ వాళ్ల సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే ఉండేది. 2012లో కొత్త నియంత్రణ సంస్థ పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్లి చూసే అధికారం ఇచ్చారు. మనిషి అక్కడ ఉన్నా ఆ అధికారం చేతికి రావడానికి అన్నేళ్లు పట్టింది. రాత్రి రెండో గంటకు కంట్రోల్ రూములోకి ఊరికే నడిచి వెళ్లి, డ్యూటీ మారేటప్పుడు ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో వినగలిగినవాడే నా దృష్టిలో అసలు తనిఖీ అధికారి. వచ్చిపోయే బృందానికి ఆ అవకాశం చాలా తక్కువ.

సంస్థలు తమను తామే ఆడిట్ చేసుకోవడం, ప్రపంచ అణు కేంద్రాల నిర్వాహకుల సంఘం పరస్పర సమీక్షలు, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పంపే బృందాలు, ఇవీ ఉన్నాయి. ఉండనివ్వండి. పరస్పర సమీక్షల నివేదికలు మనదాకా రావు కాబట్టి వాటి గురించి ఇంతకన్నా రాయడానికి లేదు.

మన దగ్గర ఈ పద్ధతి వస్తే నా భయం వేరే. పెళ్లివారు వెళ్లిపోతారు, ఇల్లరికపు అల్లుడు వెళ్లడు. కేంద్రం టౌన్‌షిప్పులోనే క్వార్టరు ఇస్తారు. పిల్లలు అదే బడికి వెళతారు, వినాయక చవితి పందిట్లో ప్లాంటు మేనేజరు పక్కనే కుర్చీ వేస్తారు. మర్నాడు అతని మీద నోటీసు రాయాలంటే చెయ్యి వణకదా? అమెరికాలో ఒక కేంద్రంలో ఏడేళ్లు దాటనివ్వరు. మనకైతే మూడేళ్లే ఎక్కువ. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం (దాని పొట్టి పేరు 'శాంతి') నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, మంచిదే. అయితే హోదా ముంబయిలో ఉంటుంది, క్వార్టరు ఇక్కడ ఉంటుంది.

కాబట్టి మా బావమరిదికి చెప్పిన జవాబు ఇదీ: అధికారులు ఇద్దరు అక్కడే ఉండాలి, షట్‌డౌనులో రియాక్టరు విప్పినప్పుడు నిపుణుల బృందం రావాలి. కొవ్వాడ మీద సభ పెట్టి మైకు ఇస్తే మెగావాట్ల లెక్క తర్వాత అడగవచ్చు, ముందు ఆ ఇద్దరి కాపురం ఎక్కడో అడుగు. టౌన్‌షిప్పులో అంటే ఒప్పుకోవద్దు. శ్రీకాకుళంలో అద్దె ఇళ్లు బోలెడున్నాయి.