దేవతా రూపాల పోర్ట్రెయిట్ సిరీస్: స్టూడియోలోనా, గోదావరి లంకలోనా?

ఖర్చు: స్టూడియోకి అద్దె, లైట్లు. లంకకి, అంటే నది మధ్య దీవికి, పడవ కిరాయి, రిఫ్లెక్టర్ (వెలుగును మోడల్ మీదికి తిప్పే పలక) పట్టుకునే మనిషి. చీరలు, నగలు, మేకప్ రెండింటికీ ఒకటే. అసలు డబ్బు పోయేది అక్కడే.

శ్రమ: స్టూడియోలో తల వెనక చిన్న లైటు దాస్తే ప్రభామండలం సిద్ధం, ఎన్నిసార్లయినా. లంకలో ఆ పని సూర్యుడిది. పొద్దెక్కితే ఇక సర్దుకోవాల్సిందే.

రిస్క్: జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం, లంకల జోలికి పోవద్దు. అంతకంటే టెన్షన్ మనోభావాలతో. అమ్మవారి వేషంలో మనిషి రేవులో నిలబడితే జనం చేరతారు, అడుగుతారు. ఊరి పెద్దలకూ, వేషం వేసేవారికీ ఏం తీస్తున్నామో ముందే చెప్పాలి. స్టూడియోలో తీసినా ఆ ప్రశ్నలు తప్పవు, ఫోటోలు బయటపెట్టాక వస్తాయంతే. గుళ్లోని మూలవిరాట్టును అచ్చుగుద్దినట్టు అనుకరించకపోవడమే మేలు, ఎక్కడ తీసినా.

నప్పడం: 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ లక్ష్మీ, సరస్వతీ పటాల తీరు కావాలంటే స్టూడియో. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకి ఊరేగించే ప్రభలు (వెదురుతో, రంగుబట్టలతో కట్టే ఎత్తైన కట్టడాలు) గానీ, నెత్తిన మోసే గరగలు (అమ్మవారి అలంకరించిన కుండలు) గానీ మీకు మూలమైతే లంకే. వాటిని నల్లతెర ముందు పెడితే, నా కంటికైతే, ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా ఉంటుంది.

మోడల్ కొత్తవారై, సిరీస్ అంతా ఒకే వెలుగులో ఉండాలంటే మాత్రం స్టూడియోనే నయం.