మైలోమా అన్న పేరు దగ్గర ఆగిపోని వైద్యం

మా నాన్నగారికి మల్టిపుల్ మైలోమాతో (ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్) పాటు అమైలాయిడోసిస్ (పాడైన ప్రొటీన్ అవయవాల్లో పేరుకునే జబ్బు) కూడా ఉందని తేల్చి, ఎనిమిది నెలలుగా చికిత్స చేస్తున్న రక్తవ్యాధుల విభాగం గురించి, ఇదే జబ్బుతో తిరుగుతున్న కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు చూపించుకున్న ఆసుపత్రిలో నడుము నొప్పినీ రక్తహీనతనూ చూసి మైలోమా అన్నారు. కాళ్ల వాపునూ ఆయాసాన్నీ మాత్రం వయసు ఖాతాలో వేశారు. ఇక్కడి డాక్టరుగారు మొదటి రోజే నాన్నగారిని నాలుక చాపమని, దాని అంచుల వెంట పడిన పళ్ల అచ్చులను చూశారు. కనురెప్పల మీది ఊదారంగు మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయని అడిగారు. అవి కళ్లు నులుముకోవడం వల్ల వచ్చినవని మేము అనుకుంటూ వచ్చాం. ఎకోలో గుండె గోడలు మందంగా ఉండగా ఈసీజీలో గీతలు పొట్టిగా ఉండటంతో, ఇది అమైలాయిడోసిస్ అన్న ఆయన అనుమానం బలపడింది.

ప్లాస్మా కణాలు అతిగా తయారుచేసే లైట్ చైన్లు అనే ప్రొటీన్ ముక్కలు మడత తప్పి, పోగులుగా మారి అవయవాల్లో పేరుకుంటాయని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. బొడ్డు పక్కన సూదితో తీసిన కొవ్వుకు కాంగో రెడ్ రంగు వేసి, పోలరైజ్డ్ కాంతిలో చూస్తే ఆపిల్ పచ్చ రంగు మెరిసింది. అలాంటి పేరుకుపోయిన పోగులు ఉన్నాయనడానికి అదే గుర్తు. అయినా వెంటనే మందు మొదలుపెట్టలేదు. పెద్దవయసు వారిలో ట్రాన్స్‌థైరెటిన్ అనే వేరే ప్రొటీన్ కూడా గుండెలో పేరుకుంటుందనీ, దానికి ఈ చికిత్స పనిచేయదనీ చెప్పి, పేరుకున్నది ఏ ప్రొటీనో తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఈ విభాగంలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది ఆ ఆగడాన్నే.

డారాటుముమాబ్, బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్ అనే మందులు ఇస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ నర్సమ్మ ముందు బరువు చూసి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో గమనిస్తారు. ఒంట్లో నీరు చేరుతోందని డెక్సామెథసోన్ మోతాదు తగ్గించింది కూడా అలా చూసిన మీదటే.

ఒక లోపం చెప్పక తప్పదు. అరికాళ్లలో తిమ్మిరీ మంటా మొదలైనప్పుడు సాయంత్రం వేళ ఫోన్ ఎత్తేవారు లేరు. వాటికి కారణమయ్యే బోర్టెజోమిబ్ మోతాదు మార్చేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. అలాగే రక్తంలో లైట్ చైన్లు త్వరగా తగ్గినా, గుండె, కిడ్నీలు కోలుకోవడానికి నెలలు పడుతుందని ముందే చెప్పి ఉంటే, మంచి రిపోర్టు వచ్చిన రోజున కూడా ఆయాసపడుతున్న నాన్నగారిని చూసి మేము అంత బెంబేలెత్తేవాళ్లం కాదు. ఇప్పుడు ఆయన మెట్ల మధ్యలో ఒక్కసారే ఆగి పైకి ఎక్కుతున్నారు. మేజోళ్లు విప్పాక చర్మం మీద పడే గాడి మునుపటంత లోతుగా లేదు.