స్ప్రింగు కిట్టు బాగుంది, రైఫిలుకు జత కుదిరిందా అన్నదే చూడాలి

బ్యారెల్ విరిచి కాక్ చేసే (అంటే స్ప్రింగును నొక్కి ట్రిగ్గరు కొక్కేనికి తగిలించే) ఎయిర్ రైఫిళ్లకు "పవర్ కిట్టు" పేరుతో ఒక ప్యాకెట్ అమ్ముతున్నారు. ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే కర్నూలుకు కొరియర్లో వస్తుంది. అందులో ఒక స్ప్రింగు, పాలీయురేథేన్ పిస్టన్ సీలు, స్ప్రింగు లోపల నిలిచే ప్లాస్టిక్ గైడు, బ్యారెల్ మూసుకునే చోట పెట్టే ఓ-రింగు ఉంటాయి. సరుకు నాణ్యతకు వంక పెట్టలేం. స్ప్రింగు చివరలు చదునుగా గ్రైండ్ చేసి ఉన్నాయి, సీలు అంచు ఎక్కడా చిట్లలేదు. చిక్కంతా "ఏ రైఫిలుకైనా సరిపోతుంది" అని ప్యాకెట్ మీద వేసిన మాటతోనే.

కాడికి కట్టేటప్పుడు ఒక ఎద్దు ఎంత బలంగా ఉందని చూడరు, రెండోదానితో కలిసి నడుస్తుందా అని చూస్తారు. ఇక్కడ కూడా స్ప్రింగు, అది తోసే పిస్టన్, పిస్టన్ గాలిని నొక్కే సిలిండరు, ఆ గాలికి ఎగిరే సీసం పెల్లెట్ నాలుగూ కలిసి నడవాలి.

ముందు కొలతలు తీసుకోండి. పాత స్ప్రింగు తీగ 3 మి.మీ., 34 చుట్లు అనుకుందాం. పూర్తిగా నొక్కితే చుట్టు మీద చుట్టు ఆనుకుని 102 మి.మీ. పొడవుకు వస్తుంది. కిట్టులోని తీగ 3.2 మి.మీ., చుట్లు అన్నే ఉంటే అది 108.8 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. కాక్ చేసినప్పుడు సిలిండరులో స్ప్రింగుకు మిగిలే చోటు 105 మి.మీ. అయితే పాతది సరిపోతుంది, కొత్తది పట్టదు. ట్రిగ్గరు కొక్కెం పడకముందే స్ప్రింగు బిగుసుకుపోతుంది. ఆ సంగతి తెలియక బ్యారెల్ మీద బలమంతా పెట్టి లాగితే లివరు వంగుతుంది, లేదా దాని పిన్ను సాగుతుంది. రెండు చుట్లు తీసేస్తే 102.4కు దిగి సరిపోతుంది. కానీ కోసిన చివరను వేడిచేసి మడిచి, చదునుగా రుద్దాలి. కట్టర్‌తో కోసి అలాగే పెడితే ఆ మొన గైడును చెక్కేస్తుంది.

0.2 మి.మీ. తేడా ఏపాటిదిలే అనిపిస్తుంది. స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, మిగతావన్నీ అలాగే ఉన్నా దాదాపు 30 శాతం ఎక్కువవుతుంది. అంత బలమూ పెల్లెట్‌కు చేరదు. గాలి ఎంతన్నది సిలిండరు లోపలి వ్యాసం, పిస్టన్ నడిచే దూరం తేలుస్తాయి. 25 మి.మీ. వ్యాసం, 80 మి.మీ. నడక అయితే సుమారు 39 ఘన సెంటీమీటర్లు, అంతే. స్ప్రింగు మార్చినా అది మారదు. పొడవైన బ్యారెల్ ఉంటే వేగం పెరుగుతుందనేది ఇంకో భ్రమ. స్ప్రింగు రకంలో పెల్లెట్ తన వేగంలో చాలావరకు మొదటి 20-25 సెం.మీ.లోనే అందుకుంటుంది. ఆ పైన ఉన్న పొడవు కాక్ చేయడానికి పట్టు ఇస్తుంది.

జత కుదరకపోతే ఏమవుతుందంటే, తేలిక పెల్లెట్ పెడితే అది ముందే వెళ్లిపోయి, పిస్టన్‌కు ఎదురు నిలిచే గాలి మెత్త లేక సిలిండరు గోడకు దబ్బున కొట్టుకుంటుంది. సీలు పగుళ్లిస్తుంది, బట్టు మరలు వదులవుతాయి. మరీ బరువు పెల్లెట్ పెడితే గాలి ముందే బిగుసుకుని పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. దెబ్బ గట్టిగా తగిలినట్టుంటుంది, వేగం మాత్రం రాదు. 4.5 మి.మీ. స్ప్రింగు రైఫిలుకు 7 నుంచి 8.5 గ్రెయిన్ల (సుమారు 0.45 నుంచి 0.55 గ్రాముల) మధ్య పెల్లెట్‌తో మొదలుపెట్టడం మంచిది.

అమెరికాలో తూటా గ్యాసుతో తనే లోడయ్యే ఏఆర్-15 రైఫిళ్ల వీడియోలు చూసేవాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. ఆ తుపాకులు మన చేతికొచ్చేవి కావు గానీ లెక్క ఇదే. రైఫిల్ పొడవు గ్యాస్ ట్యూబు, 20 అంగుళాల బ్యారెల్ ఉన్న పై భాగాన్ని కార్బైన్ (పొట్టి రకం) కింది భాగం మీద పెట్టుకోవచ్చు. వెనక్కి వచ్చే బోల్టును ఆపే బరువైన బఫరు, దాని స్ప్రింగు మాత్రం వెనక బట్టులో ఉండే ట్యూబుకు చెందినవి, పై భాగానికి కాదు. కార్బైన్ ట్యూబుకు కార్బైన్ బఫరే పడుతుంది, దాని బరువు సుమారు 3 ఔన్సులు. పొట్టిగా ఉండే ఆ బఫరును పొడవైన రైఫిల్ ట్యూబులో పెడితే బోల్టు వెళ్లాల్సిన దానికంటే వెనక్కి వెళ్లి, దాని మీది గ్యాస్ కీ తుపాకీ ఒంటికి (రిసీవరుకు) కొట్టుకుంటుంది. అటు మెత్తగా కొట్టే రైఫిల్ గ్యాసుకు 5 ఔన్సులు దాటిన హెచ్3 అనే బరువు రకం బఫరు తగిలిస్తే, బోల్టు పూర్తిగా వెనక్కి రాక తర్వాతి తూటాను అందుకోకపోవచ్చు.

కిట్టు దగ్గరికి వద్దాం. బిగించేటప్పుడు స్ప్రింగు కంప్రెసరు లేకుండా పని మొదలుపెట్టొద్దు. వెనక పిన్ను తీయగానే స్ప్రింగు ఎగిరి మొహానికి తగలొచ్చు. సిలిండరులో కాకింగ్ గాడి అంచులను సన్న ఎమరీ పేపరుతో రుద్దండి. కొత్త సీలుకు మొదటి గాటు పడేది అక్కడే. కూల్‌డ్రింక్ బాటిల్ నుంచి పలచని ముక్క కత్తిరించి గాడికి అడ్డం పెట్టి పిస్టన్‌ను తోస్తే సీలు గాటు పడకుండా దాటుతుంది. ఈ కిట్టు సీలు కాస్త బిగువు. చేత్తో నొక్కితే నిదానంగా జరగాలి, సుత్తి అవసరమైతే 400 నంబరు పేపరు మీద అంచు కొంచెం తగ్గించాలి.

పిస్టన్ వెనక భాగానికి, స్ప్రింగుకు మాలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజు పలచగా చాలు. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె సీలు ముందుకు పోతే మాత్రం ఆ వేడికి, ఒత్తిడికి అంటుకుంటాయి. పొగ, ఘాటు వాసన, టపాకాయలాంటి చప్పుడు వస్తాయి. పవర్ పెరిగిందని సంబరపడతారు, సీలు మాత్రం కాలిపోతుంటుంది.

బిగించాక బ్యారెల్ జాయింటు మీద టిష్యూ పేపరు ముక్క పెట్టి కాల్చండి. అది కదిలితే ఓ-రింగు దగ్గర గాలి లీకు. కిట్టులో ఇచ్చిన రింగు కొన్నిటికి పలచనవుతుంది, కింద పలచటి వాషరు వేస్తే ఆగుతుంది. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పది షాట్లు చూడండి. ఎక్కువ తక్కువల తేడా సెకనుకు 4-5 మీటర్లలో ఉంటే జత కుదిరినట్టు. 10 మీటర్లు దాటితే గైడు, సీలు, పెల్లెట్ వరసలో మళ్లీ చూడాలి.

వేగం చూసి మురిసిపోయే ముందు చట్టం లెక్క కూడా వేసుకోవాలి. మన దగ్గర లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిలుకు హద్దు 0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు, పెల్లెట్ శక్తికి 20 జౌళ్లు. 0.54 గ్రాముల పెల్లెట్ సెకనుకు 230 మీటర్లు వెళితే 14.3 జౌళ్లు. అదే పెల్లెట్ 272 దగ్గరికొస్తే 20కి చేరినట్టే. ప్యాకెట్ మీద ఈ మాట ఒక్కటీ లేదు. చుట్లు, తీగ మందం, బిగుసుకునే పొడవు కూడా రాయలేదు. అమ్మేవాళ్లను అడిగినా "పట్టేస్తుంది సార్" తప్ప ఇంకో జవాబు రాలేదు.

సీలు, గైడు, ఓ-రింగు వరకే విడిగా ఇస్తే కళ్లుమూసుకుని కొనొచ్చు. పాత రైఫిళ్లలో వచ్చే ఠంగుమనే మోతను ఆ గైడే సగానికి తగ్గిస్తుంది. స్ప్రింగు మాత్రం కొలిచాకే. టెలిస్కోపు ఉంటే స్ప్రింగు రైఫిలుకు తట్టుకునేదేనా చూసుకోండి. ఈ రకం ముందుకూ వెనక్కూ కుదుపుతుంది, మామూలు స్కోపుల్లో లోపలి గాజులు కదిలిపోతాయి. పరీక్షించేటప్పుడు పెరట్లో ప్రహరీకి ఆనించిన కడప బండను గురిగా పెట్టొద్దు. సీసం పెల్లెట్ దాని మీద నుంచి ఎగిరి ఎటొస్తుందో చెప్పలేం. పాత బట్టలు కుక్కిన చెక్కపెట్టె, వెనక ఇసుక బస్తా పెట్టండి.